శాంపిల్ పెంచితే సర్వే నిజమైపోతుందా?

లెక్కలపిచ్చి: ముఖాముఖి సర్వేలను నమ్మలేం అని పొద్దున ఎవరో రాశారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఎదురుగా కూర్చుని అడిగితే వచ్చేదానికన్నా మంచి డేటా ఇంకెక్కడ దొరుకుతుంది? వెయ్యి మందిని అడిగితే తేడా 3 శాతం అటూ ఇటూ. అనుమానముంటే 4 వేల మందిని అడగండి, అందులో సగమవుతుంది.

కాలినడక: ఆ 3 శాతం లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచుకున్నందుకు వచ్చే తేడా మాత్రమేనండీ. అడిగేవాడి తప్పు అందులో లేదు. రెండేళ్లు ఇంటింటికీ తిరిగాను, నా నిర్వాకమే చెప్తాను. "గత ఏడాదిలో ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరారా?" అనేది ప్రశ్న. అవునంటే ఇంకో పదిహేను ప్రశ్నలు అడగాలి. మొదటిరోజు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. వారం తిరిగేసరికి అది "ఎవరూ చేరలేదు కదా?" అయిపోయింది. అవతలివాళ్లూ "లేదు లేదు" అనేసేవారు. ఇద్దరికీ హాయి.

లెక్కలపిచ్చి: అది మీ బద్ధకం, పద్ధతి లోపం కాదు (కోపం తెచ్చుకోకండి). ట్రైనింగ్ ఇచ్చి, పైన సూపర్‌వైజర్‌ను పెడితే సరి.

సగటుజీవి: బద్ధకం ఒక్కటే కాదు. నిరాశ్రయుల ఇంటర్వ్యూల గురించి 1929లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త స్టువర్ట్ రైస్ రాశాడు. మద్యనిషేధం కోరుకునే ఆయన నింపిన ఫారాల్లో వాళ్ల దుస్థితికి తాగుడు ఎక్కువగా కారణమైంది, సోషలిస్టు నింపినవాటిలో పరిశ్రమల పరిస్థితులు. ఇద్దరూ కష్టపడే పనిచేసి ఉంటారు!

ఇక మీ 4 వేల సంగతి. ఒకే మనిషి తెచ్చిన జవాబులు కొంచెం ఒకే వాసన వేస్తాయి. ఆ పోలిక (0 అంటే అసలు లేనట్టు, 1 అంటే అన్నీ ఒకటే) 0.02 అనుకుందాం. 20 మంది తలా 50 ఇళ్లు చేస్తే, ఒక్కో ఇంటికీ అదే మనిషి చేసిన మిగతా 49 ఇళ్లతో పోలిక ఉంటుంది కాబట్టి, గుణకం 1 + 49 × 0.02 = 1.98. వెయ్యిని దాంతో భాగించండి: మీ వెయ్యి విలువ, ఏ పోలికా లేని 505 జవాబులంత. అదే 20 మందితో 4 వేలు చేయిస్తే తలకు 200 ఇళ్లు, గుణకం 4.98. చేతికొచ్చేది 803.

లెక్కలపిచ్చి: కాగితం మీద వేసి చూశాను, కరెక్టే. అయితే 80 మందిని పెడదాం. తలకు మళ్లీ 50, విలువ 2 వేలు దాటుతుంది.

కాలినడక: పెట్టండి. ఆ పదిహేను ప్రశ్నలు అలాగే ఉంటే 80 మందీ "ఎవరూ చేరలేదు కదా?" అనే అడుగుతారు. ఆ తప్పు మీ గుణకంలో కనపడదు.