11000 నంబరు ఉత్తర్వుతో జనాన్ని వెట్టికి పట్టుకెళ్తారట: ఇందులో నిజమెంత?

న్యూజెర్సీ_నుంచి:
మా వాట్సాప్ గ్రూపులో అమెరికా అధ్యక్షుల ఎమర్జెన్సీ ఉత్తర్వులంటూ ఓ జాబితా మళ్ళీ తిరుగుతోంది. అమెరికా అధ్యక్షుడు ఎమర్జెన్సీ అంటే చాలు, 10998 ఉత్తర్వు కింద పొలాలూ తిండిగింజలూ, 11000 కింద మనుషులూ సర్కారు పరమవుతారట. నంబర్లతో సహా ఉంది, కొట్టిపారేయలేకపోతున్నా.

పాతకాగితం:
నంబర్లు నిజమే, అందుకే జనం నమ్ముతారు. అవి 1962 ఫిబ్రవరిలో కెనెడీ సంతకం చేసినవి. అణుయుద్ధం లాంటిది వస్తే పనివాళ్ళను ఎలా సర్దాలో ప్రణాళిక రాసి ఉంచమని కార్మిక శాఖకు చెప్పిందే 11000. ప్రణాళిక రాయమనడం వేరు, జనాన్ని పట్టుకురమ్మనడం వేరు. పైగా ఈ రెంటినీ 1969లో నిక్సన్ 11490తో రద్దు చేశాడు. దాన్నీ 1988లో రీగన్ 12656తో తీసేశాడు. చచ్చిన పామును చూపించి బెదిరిస్తున్నారు.

డల్లాస్_మావయ్య:
పాము చచ్చింది, పుట్ట అలాగే ఉంది. పెద్ద విపత్తు వచ్చినా ప్రభుత్వం ఆగకుండా ఎలా నడవాలన్నదాని మీద 2007 మేలో బుష్ ఎన్‌ఎస్‌పీడీ-51 అనే అధ్యక్ష ఆదేశం తెచ్చాడు. దాని రహస్య అనుబంధాలు చూస్తానంటే అమెరికా పార్లమెంటులో దేశ అంతర్గత భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ కమిటీ సభ్యుడు పీటర్ డిఫాజియోకే కుదరదన్నారు. ఇక నువ్వేం ఫ్యాక్ట్ చెక్ చేస్తావోయ్?

పాతకాగితం:
ఆ మాట ఒప్పుకుంటా మావయ్యా. దాచిన కాగితంలో ఏముందో నేను చెప్పలేను. కానీ బయటపెట్టిన భాగంలో పాలన, చట్టసభ, కోర్టులు అనే మూడు విభాగాల సహకారాన్ని అధ్యక్షుడు సమన్వయం చేస్తాడనే ఉంది, మింగేస్తాడని లేదు. ఇంకోటి, 1952లో సమ్మె గండం వస్తే ట్రూమన్ ఉక్కు మిల్లుల్ని స్వాధీనం చేసుకున్నాడు. కొరియా యుద్ధం నడుస్తుండగానే సుప్రీంకోర్టు 6-3తో చెల్లదంది.

డల్లాస్_మావయ్య:
1952 దగ్గరే ఆగిపోతే ఎలా? 1976 నాటి జాతీయ ఎమర్జెన్సీల చట్టంలో ఎమర్జెన్సీని ఆపే అధికారం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఉభయసభల చేతిలోనే ఉండేది, అధ్యక్షుడి సంతకంతో పనిలేదు. 1983లో చద్దా అనే కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆ పద్ధతిని కొట్టేసింది. ఇప్పుడు ఆపాలంటే అధ్యక్షుడు ఒప్పుకోవాలి, లేదా మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 2019లో సరిహద్దు గోడ ఎమర్జెన్సీని ఉభయసభలూ వద్దన్నాయి. ట్రంప్ వీటో కొట్టాడు, అంతే. ఇరాన్ మీద 1979 నవంబరులో అధ్యక్షుడు కార్టర్ పెట్టిన ఎమర్జెన్సీని ఏటేటా పొడిగిస్తూనే వచ్చారు.

ఊళ్ళో_ఉన్నా:
మనకు 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఒక్క సంతకంతో సరిపోయింది. కేబినెట్‌కు తెల్లారాకే తెలిసింది. కేబినెట్ లిఖితపూర్వక సిఫార్సు ఉండాలన్నది 1978లో 44వ సవరణ పెట్టిన నిబంధన. అక్కడ కూడా అలాంటి చిన్న గొళ్ళెం ఒకటి బిగిస్తే పోయేది కదా.

న్యూజెర్సీ_నుంచి:
ఇంతకీ గ్రూపులో ఏం రాయను?

పాతకాగితం:
11000 చచ్చి యాభై ఏళ్ళు దాటిందని రాయి. ఆ కిందే మావయ్య చెప్పిన 1979 ముచ్చట కూడా పెట్టు. నాకున్న అసలు దిగులూ అదే.

న్యూజెర్సీ_నుంచి:
రాశా. ఐదు నిమిషాల్లో అడ్మిన్ 13603 నంబరు ఉత్తర్వు పంపాడు.

పాతకాగితం:
అది 2012లో ఒబామా ఇచ్చింది. దేశ రక్షణకు కావలసిన సరుకుల ఉత్పత్తి చూసే 1950 నాటి డిఫెన్స్ ప్రొడక్షన్ చట్టం కింద ఏ శాఖ ఏం చూడాలో పంచిన కాగితం. 1994లో క్లింటన్ ఇచ్చినదానికే కొత్త చొక్కా. మిగతాది రేపు, అన్నానికి పిలుస్తున్నారు.