బొంతకి కొత్త బట్ట ముందే ఉతకాలా, అలాగే కుట్టేయొచ్చా?

గుంటూరు_లత:
మా చెల్లికి వచ్చే నెల డెలివరీ. పొత్తిళ్లకి పాత చీర ముక్కలు అమ్మ రెడీ చేసింది. నేను పైన కప్పడానికి ఎరుపూ తెలుపూ చదరాలు కలిపి చిన్న బొంత కుడదామని పెడన కలంకారీ ఎరుపు, తెల్ల మల్ కాటన్ తీసుకున్నా, మధ్యలో బాగా మెత్తబడిన నూలు చీర వేస్తున్నా. కొత్తవి రెండూ ఉతికాకే కోయమని అత్తయ్య, ఉతికితే కటింగ్ పాడవుతుందని మా టైలర్. ఎవరి మాట వినాలి?

పడుగుపేక:
ఉతకండి, ఇందులో రెండో మాట లేదు. మాది మగ్గాల ఇల్లు. పడుగుకి, అంటే మగ్గం మీది పొడవు దారాలకి, గంజి పెట్టకపోతే నేత సాగదు, దారాలు బిగదీసి నేస్తారు కాబట్టి మొదటిసారి నీళ్లలో పడగానే బట్ట పొడవు వైపు ఎక్కువ, వెడల్పు వైపు తక్కువ లాక్కుంటుంది. మీ మధ్యలో వేసే పాత చీర లాక్కోవాల్సిందంతా ఎప్పుడో లాక్కుంది. పైది కురచై లోపలిది అలాగే ఉంటే కుట్టుకీ కుట్టుకీ మధ్య ఆ చీర ఉండ కడుతుంది. పైగా ఎరుపు పక్కన తెలుపు పెడుతున్నారు! రెండూ విడివిడిగా రాత్రంతా నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యండి.

కూకట్‌పల్లి_కుట్లు:
నేను ఆర్డర్ల మీద బొంతలు కుట్టి అమ్ముతాను, ఉతకను. గంజి ఉన్న బట్టే కత్తెరకి లొంగుతుంది. మల్ ఉతికి టేబుల్ మీద పరిచి చూడండి, ఎటు లాగితే అటు సాగుతుంది, 5 ఇంచుల చదరం కోస్తే నాలుగు మూలలూ నాలుగు రకాలు, ఇక పావు ఇంచు కుట్టులో మూలలు ఎలా కలుస్తాయి? అంచుల్లో దారాలు లేచి అదో కోత. అంతా కుట్టాక ఒకేసారి ఉతికితే సన్నగా ముడతలు పడి ఎంత బావుంటుందో, ఆ ముడతలు కావాలని అడిగి మరీ చేయించుకునేవాళ్లున్నారు.

ఫ్రిస్కో_వాణి:
ఇక్కడ అమెరికాలో క్విల్ట్ (బొంత బట్టల) షాపుల్లో రెండున్నర ఇంచుల పట్టీలు కోసి చుట్ట చుట్టి అమ్ముతారు, వాటిని ఉతికితే దారాల చిక్కే మిగులుతుంది, వాటిని ఉతకను. గజాల లెక్కన కొన్నది మాత్రం ఉతుకుతా, వాషర్‌లో రంగు పీల్చే షీట్ ఒకటి వేసి.

రాజేశ్వరి_ఒంగోలు:
ఉప్పు నీళ్లలో నానబెట్టండి, రంగు దిగదు.

పడుగుపేక:
రాజేశ్వరి గారూ, నూలుకి వాడే రియాక్టివ్ అనే రసాయన రంగులకి అద్దకంలో ఉప్పు వేసేది రంగుని నూలులోకి ఎక్కించడానికి. దాన్ని పట్టి నిలిపేది వాషింగ్ సోడా. బట్ట దుకాణానికి వచ్చేశాక ఉప్పు నీళ్లు చేసేదేమీ లేదు.

రాజేశ్వరి_ఒంగోలు:
మా అమ్మ జీవితమంతా ఉప్పు నీళ్లే వాడింది, ఆవిడ చీర ఒక్కటి వెలిసింది లేదు.

సిద్దిపేట_సూది:
మా దిక్కు బొంతకు కొత్త బట్ట ఎవరేస్తరు? పాత చీరలు, ధోతులే. ఉతికినయే కద అవి.

కూకట్‌పల్లి_కుట్లు:
ఉప్పు గొడవ వదలండి. లత గారిది పెడన కలంకారీ. కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటిక కలిపిన జిగురు అచ్చుతో అద్ది, కాలవలో జాడించి, రంగు కాగులో ఉడకబెట్టి తీసిన బట్ట అది. ఇన్ని నీళ్లు చూసొచ్చినదాన్ని మళ్లీ ఉతికేదేంటి?

పడుగుపేక:
అసలు అద్దకమైతే! బజారు నిండా స్క్రీన్ ప్రింటే కలంకారీ పేరుతో అమ్ముతున్నారు. లత గారూ, తెల్ల గుడ్డ తడిపి ఆ ఎరుపు మీద గట్టిగా రుద్దండి. సరిగ్గా 10 ఇంచుల ముక్క కోసి ఉతికి ఇస్త్రీ చేసి కొలవండి. ఎవర్నీ అడగక్కర్లేదు.

కూకట్‌పల్లి_కుట్లు:
ఇంట్లో ఒకటి కుట్టుకునేవాళ్లకి ఏదైనా తేలికే. ఒకావిడ ఉతికే కుట్టాలని పట్టుబడితే ఉతికి, ఇస్త్రీ చేసి, కుట్టి బారసాలకి పంపించా. వాళ్లింట్లో విప్పి పట్టి చూసి "కొత్త బట్ట డబ్బు తీసుకుని వాడిన బట్టతో కుట్టింది" అన్నారు. బట్ట బిల్లు ఫొటో పంపినా నమ్మలేదు, మిగతా డబ్బు ఇప్పటికీ రాలేదు. కొత్త బట్టలో ఆ బిరుసు లేకపోతే జనం కొత్తదనుకోరండీ.

పడుగుపేక:
మరి నా సంగతి వినండి. మా అక్క కూతురి పెళ్లికని ఒకచోట బొంత కొన్నా. మొదటి ఉతుకులోనే ఎరుపు తెల్ల చదరాల్లోకి దిగి అంతా గులాబీ అయ్యింది. అమ్మినావిడని అడిగితే డ్రై వాష్ చేయించుకోవాల్సింది అంది. రోజూ కప్పుకునే బొంతకి డ్రై వాషా? పెళ్లివారి ముందు తలెత్తుకోలేకపోయా. అందుకే ఉతకను అని గొప్పగా చెప్పుకుంటుంటే నాకు మండుతుంది.

కూకట్‌పల్లి_కుట్లు:
ఎవరో చేసినదానికి నన్నంటే ఎలా? లెక్క చెప్తా వినండి. డబుల్ కాట్ బొంతకి పైకీ కిందకీ 10 మీటర్లు అనుకుందాం. నూటికి 5 వంతులు లాక్కుంటే అర మీటరు పోయింది, ఆ డబ్బు ఎవరిస్తారు? మాకు ఎండాకాలం నీళ్ల ట్యాంకర్, ఆరేయడానికి ఉన్నది ఒక బాల్కనీ, ఆ ఇస్త్రీ అంతా నా చేతుల మీదే. వీటికి ఒక్కరైనా రూపాయి ఎక్కువిచ్చారా? ఉతికితే మంచిదా కాదా అని నన్నడగొద్దు, ఉతికినందుకు డబ్బిస్తారా అని కొనేవాళ్లని అడగండి.

పడుగుపేక:
ఆ మాట మొదటే అనాల్సింది. కూలి గిట్టదు కాబట్టి ఉతకను అనండి, ఒప్పుకుంటా. ఉతక్కపోవడమే బట్టకి మంచిదని పిల్ల తల్లులకి చెప్తే మాత్రం ఒప్పుకోను. అలా అమ్మేటప్పుడు ఉతకలేదని చెప్పి అమ్మాలి.

కూకట్‌పల్లి_కుట్లు:
చెప్పే అమ్ముతున్నా, మొదటిసారి చల్లనీళ్లలో విడిగా ఉతకమని ప్రతి బొంతకీ చీటీ కుడతా. నేతన్న గంజితో అమ్మితే తప్పు కాదు, అదే బట్ట నేను కుట్టి అమ్మితే తప్పొచ్చిందా?

పడుగుపేక:
నేతన్నకి గంజి లేకపోతే పని జరగదు. మీకు జరుగుతుంది.

కూకట్‌పల్లి_కుట్లు:
నాకు జరగదనే ఇందాకట్నుంచీ చెప్తున్నా.

ఫ్రిస్కో_వాణి:
పసిబిడ్డ మీద కప్పేది కదండీ, రంగు దిగినా దిగకపోయినా కొత్త బట్టలో మిగిలిన మందులు పోవాలి. లత గారు ఎలాగూ ఉతకాల్సిందే.

గుంటూరు_లత:
రుద్ది చూశా, గుడ్డకి ఎరుపు బాగానే అంటింది. 10 ఇంచుల ముక్క పొడవు తొమ్మిదిన్నరకి వచ్చింది, వెడల్పు పావు ఇంచు తగ్గింది. రెండూ వేరే వేరే బకెట్లలో నానబెట్టేశా. మల్‌కి కోసే ముందు పల్చగా గంజి పెట్టనా?

కూకట్‌పల్లి_కుట్లు:
పెట్టండి. ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ లాగకుండా పైనుంచి నొక్కుతూ చెయ్యండి, లేకపోతే మళ్లీ సాగుతుంది.

పడుగుపేక:
కుట్టాక ఆ గంజి కూడా ఉతికేసి బిడ్డకి కప్పండి. కూకట్‌పల్లి గారూ, ఉతికి కుట్టడానికి ఎంత తీసుకుంటారో రేటు చెప్పండి, నేనే ఆర్డర్ ఇస్తా.

కూకట్‌పల్లి_కుట్లు:
బట్ట మీరే ఉతికి పంపండి, కుట్టు కూలి మాత్రం తీసుకుంటా. అప్పుడు వాడిన బట్ట అని నన్నెవరూ అనరు.