మూడు చెట్లకే చోటుంది: తీపి చెర్రీ పెట్టమంటారా, వద్దంటారా?

కొత్తపెరడు:
మినియాపోలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌లో ఈ మధ్యే ఇల్లు కొనుక్కున్నాం. పెరట్లో ఎండ బాగా పడే చోటు మూడు చెట్లకు సరిపోతుంది. వచ్చే వసంతంలో రెండు యాపిల్, ఒక చెర్రీ నాటాలని ఉంది. మా అమ్మ జూన్‌లో తెనాలి నుంచి వస్తోంది. ఇకమీదట ఏటా వేసవికి వస్తానంటోంది. దుకాణంలో దొరికే ఆ నల్లటి బింగ్ చెర్రీలంటే ఆవిడకు ప్రాణం. ఒక నర్సరీలో అడిగితే, "ఇప్పుడు మనది జోన్ 5, తీపి చెర్రీ నిశ్చింతగా పెట్టుకోండి" అన్నారు. (జోన్ అంటే చలికాలపు చలిని బట్టి ప్రాంతానికి ఇచ్చే అంకెట, అంకె పెరిగేకొద్దీ చలి తక్కువట.) నిజమేనా? యాపిల్‌లో ఏ రకాలు మంచివి?

పలుగూపారా:
నిజం కాదు. అమ్మేవాళ్ళ మాటకు జోన్లు ఉండవు.

యాపిల్ సంగతి తేలిక, ముందు అది చెప్పేస్తాను. ఇక్కడి మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఈ చలిని దృష్టిలో పెట్టుకునే వందేళ్ళకు పైగా కొత్త రకాలు తయారు చేస్తోంది. హారల్‌సన్ 1922 నాటిది. పుల్లటి గట్టి కాయ, మొండి చెట్టు, కాయ చలికాలమంతా నిలవ ఉంటుంది. 1991లో వచ్చిన హనీక్రిస్ప్ అందరికీ తెలుసు కానీ పెరట్లో అది గారాల బిడ్డ. కాల్షియం సరిగా అందక కాయ మీద చేదు గుంటలు పడతాయి. ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది అలుగుతుంది. జెస్టార్ ఆగస్టు చివరికే పండుతుంది, అంటే మీ అమ్మగారు ఇక్కడ ఉండగానే. కాబట్టి ఒక జెస్టార్, ఒక హారల్‌సన్ పెట్టండి. యాపిల్‌కు సొంత పుప్పొడి పనికిరాదు, రెండో రకం ఉండి తీరాలి.

చెర్రీలో మాత్రం పుల్లది పెట్టండి. నార్త్ స్టార్ అని 1950లో ఈ విశ్వవిద్యాలయమే విడుదల చేసింది. ఎనిమిది, పది అడుగులకు మించి పెరగదు, ఒంటరిగా ఉన్నా కాస్తుంది. తీపి చెర్రీ మాట మరిచిపోండి. 2019 జనవరి 30న ఇక్కడ సున్నాకు దిగువన 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్. ఆ ఒక్క రాత్రికి మా తీపి చెర్రీ అయిపోయింది. మొదలు దాకా నరికి చూశాను, లోపల చెక్కంతా గోధుమరంగుకు తిరిగింది.

ఎర్రకాయ:
పలుగూపారా గారు ప్రతి చర్చలోనూ ఆ 2019 రాత్రిని పట్టుకొస్తారు. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ కొత్త జోన్ పటం ఇచ్చింది. మన జంట నగరాల్లో (హైదరాబాద్, సికింద్రాబాద్ కాదు, మినియాపోలిస్, సెయింట్ పాల్) చాలా భాగం 4బి నుంచి 5ఎకు మారింది. అది నర్సరీవాళ్ళు పుట్టించిన మాట కాదు, ముప్పై ఏళ్ళ లెక్క.

నేను సెయింట్ పాల్‌లో 2022 వసంతంలో దక్షిణం గోడ వారగా స్టెల్లా రకం తీపి చెర్రీ నాటాను. రెండు చలికాలాలు దాటింది. మొన్న జులైలో గుప్పెడు పళ్ళు కోశాం. చెట్టు కళ్ళముందు ఉండగా చచ్చిపోతుందంటే ఎలా నమ్మాలి?

నేలకోడి:
గుప్పెడంటే ఎన్నో లెక్క చెప్పండి.

ఎర్రకాయ:
ఇరవై రెండు.

పలుగూపారా:
ఆ రెండు చలికాలాల్లో రెండోది, 2023–24ది, జంట నగరాల్లో నమోదైనవాటన్నిటిలోకీ వెచ్చనిది. ఆ ఏడాది బతకడం చెట్టు గొప్పతనం కాదు.

ఇక పటం. ప్రతి ఏడాదిలో అతి చల్లటి రాత్రిని తీసుకుని, 1991 నుంచి 2020 వరకు వాటి సగటు కడితే వచ్చేది జోన్. 5ఎ అంటే ఆ సగటు ఫారెన్‌హీట్‌లో సున్నాకు దిగువన 20కీ 15కీ మధ్య ఉందని అర్థం. 28 రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. చెట్టు సగటు చలికి చావదండీ, ఒక్క రాత్రి చలికి చస్తుంది. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. సగటు వరద చూసి కరకట్ట కట్టినవాడిని ఏమంటాం?

పైగా చెట్టు బతికినంత మాత్రాన కాపు రాదు. తీపి చెర్రీలో కొమ్మ కంటే ముందు పూమొగ్గ చస్తుంది. ఏప్రిల్‌లో ఆకు వేస్తుంది, మీరు సంతోషిస్తారు, పూత మాత్రం ఉండదు. దక్షిణం గోడ మరీ ప్రమాదం. ఆ వేడికి మొగ్గ తొందరగా విచ్చుకుంటుంది, మే మొదట్లో కురిసే మంచుకు మాడిపోతుంది. ఫిబ్రవరి ఎండకు నైరుతి వైపు బెరడు కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టి నిలువునా చీలుతుంది. నవంబరులో మొదలుకు తెల్లటి తొడుగు వేశారా?

ఎర్రకాయ:
వేశాను. అంత అమాయకుణ్ణి కాదు. కరకట్ట ఊరిని కాపాడేది, నాది ఒక చెట్టు. పోతే నలభై డాలర్లు పోతాయి. పటం తప్పయితే వ్యవసాయ శాఖకు ఉత్తరం రాయండి.

పలుగూపారా:
పటం తప్పని నేను అనలేదు. సగటు అన్నాను.

ఎర్రకాయ:
ముందు "నిజం కాదు" అన్నారు. పైకి వెళ్ళి చూసుకోండి.

ఎడ్మంటన్ కోడలు:
మీ ఇద్దరి జోన్లూ మాకు వేసవి విడిదిలాంటివి. కెనడాలో మా ఎడ్మంటన్‌లో ఎవాన్స్ అనే పుల్ల చెర్రీ ఊరంతా ఉంటుంది. మా పెరట్లో మాత్రం కార్మైన్ జ్యువెల్ ఉంది. సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం 1999లో ఇచ్చింది. చెట్టు కాదు, మనిషంత ఎత్తు పొద. తర్వాత 2004లో రోమియో, జూలియట్, వాలెంటైన్ లాంటివి ఇచ్చారు. వాటిలో జూలియట్ బాగా పండనిస్తే చేతిలో పెట్టుకుని తినేంత తీపి వస్తుంది. రంగు తిరగగానే కోసేసి "పులుపు" అనేవాళ్ళే ఎక్కువ. ముదురు ఎరుపు నలుపులోకి దిగేదాకా ఆగాలి.

పచ్చిగా ఉన్నవి పప్పులో వేస్తాను. మామిడికాయ పప్పు అనుకుని మా మామగారు రెండుసార్లు వడ్డించుకున్నారు. గింజలు తలపిన్నుతో తీస్తే తేలిక.

ఎర్రకాయ:
పప్పులో పులుపు కోసం చెర్రీ చెట్టు నాటాలా అమ్మా? ఇక్కడి మన దుకాణాల్లో మామిడికాయే దొరుకుతుంది. అడిగినాయన వాళ్ళమ్మకు బింగ్ ఇష్టమన్నారు. ఆ మాట అందరూ మరిచిపోయారు.

కొత్తపెరడు:
నేను మరిచిపోలేదు. చదువుతున్నాను.

వాంకిడి వాసి:
మా ఆసిఫాబాద్ జిల్లాలో కెరమెరి మండలం ధనోరాలో యాపిల్ కాయించారు. ఇంత ఎండలో కాస్తుంటే, అంత చలిలో మీకు ఇన్ని ఇబ్బందులేమిటి?

పలుగూపారా:
అక్కడ పెట్టేవి తక్కువ చలితోనే పూత వచ్చే రకాలు. అవి ఇక్కడ ఒక్క జనవరి కూడా దాటవు. అక్కడి సమస్య చలి చాలకపోవడం, ఇక్కడ చలి చంపేయడం. వేరే చర్చ మొదలుపెట్టండి, వస్తాను.

కొత్తపెరడు గారూ, రకం పేర్లు రాసుకుని నర్సరీకి వెళ్తే సగం పనే అయినట్టు. కింద వేరు ఏమిటని అడగండి. యాపిల్ అంటుమొక్క అంటే పైన ఒక రకం, కింద వేరుమూలం ఇంకొకటి. ఎం9 లాంటి, చెట్టును పొట్టిగా ఉంచే వేరు మంచు కప్పు లేని చలికాలంలో దెబ్బతింటుంది. ఆంటొనోవ్‌కా విత్తనపు వేరు మీద కట్టిన మొక్క తీసుకోండి. రష్యా చలిలో పుట్టింది, నేలలోకి దిగిందంటే కదలదు. మీ తర్వాత కూడా ఉంటుంది.

ఎర్రకాయ:
మీ తర్వాత ఉంటుంది సరే, కాయ ఎప్పుడు కాస్తుందో కూడా చెప్పండి. ఆ వేరు మీద ఆరేడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇరవై అయిదు అడుగులు పెరుగుతుంది, మూడు చెట్ల చోటును ఒక్కటే మింగేస్తుంది. బడ్ 9 మీద కట్టినది పెట్టండి. అదీ రష్యాదే, చలికి ఆగుతుంది, పొట్టిగా ఉంటుంది, రెండు మూడేళ్ళలో కాస్తుంది.

పలుగూపారా:
జీవితాంతం కర్ర ఊతం లేకపోతే నిలబడదు, అది కూడా చెప్పండి. గాలివానకు వంగితే అంటు దగ్గర విరుగుతుంది. ఇవాళ నాటి ఎల్లుండి బుట్ట పట్టుకుని నిలబడే రోజులు వచ్చాయి. పీటర్ గిడియన్ అని, ఇక్కడ ఎక్సెల్సియర్ దగ్గర ఏళ్ళ తరబడి విత్తనాలు వేశాడు. చెట్లన్నీ చచ్చాయి. చివరికి ఒకటి నిలిచింది. 1868లో దానికి భార్య పేరు పెట్టి వెల్తీ అన్నాడు. ఓపిక లేనివాళ్ళు కుండీలో బంతిపూలు పెట్టుకోవాలి, యాపిల్ జోలికి రాకూడదు.

ఎర్రకాయ:
గిడియన్ మీలాంటి పెద్దమనిషి సలహా విని ఉంటే ఆ వెల్తీ పుట్టేదే కాదు. "ఇక్కడ యాపిల్ చస్తుంది, మరిచిపో" అనేవారు.

ఓపిక గురించి మీరు చెప్పకండి. మీకు పౌరసత్వం వచ్చేసింది, పోయిన ఏడాది మీరే ఇక్కడ మిఠాయి పంచినట్టు రాశారు. నేను గ్రీన్ కార్డు వరుసలో పదకొండేళ్ళుగా నిలబడి ఉన్నాను. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. నా కూతురికి తొమ్మిదేళ్ళు. ఏడేళ్ళకు కాసే చెట్టు కింద ఎవరు ఉంటారో నాకు తెలియదు. ఇరవై రెండు పళ్ళలో పంతొమ్మిది అదే తిన్నది. నాకు ఆ లెక్క చాలు. మీ ఆంటొనోవ్‌కా మీ దగ్గరే ఉంచుకోండి.

నేలకోడి:
మనం చెర్రీ నుంచి వీసాకు ఎప్పుడు వచ్చాం?

నిర్వాహకులు:
ఒకరి వ్యక్తిగత విషయాలు ఇంకొకరు ఎత్తవద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

పలుగూపారా:
ఒక రోజు ఆగి రాస్తున్నాను.

మిఠాయి మాట తీయకుండా ఉండవలసింది. పోనివ్వండి. 2019లో పోయిన ఆ చెర్రీ మా అబ్బాయి పుట్టిన ఏడాది నాటాను. "జోన్ 4కి గట్టిది" అని చీటీ కట్టి అమ్మారు, పేరు తప్పు. వాడికి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఎందుకు నరికావని వారం రోజులు అడిగాడు. ఇంకొకటి. మా పాత ఇంట్లో ఆరు యాపిల్ చెట్లు ఉండేవి, నాలుగు నా చేతి అంట్లే. ఇల్లు అమ్మిన మరుసటి వేసవిలో అటుగా వెళ్తే పచ్చిక తప్ప ఏమీ లేదు. కొన్నవాళ్ళ ఇష్టం, తప్పు పట్టను. పెద్ద చెట్టయితే నరకడానికి చేయి ఆడదని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. అది లెక్క కాదని నాకూ తెలుసు.

తీపి చెర్రీ విషయంలో మాత్రం నా మాట మారదు.

ఎర్రకాయ:
మారమని నేను అడగలేదు. ఆ ఆరింటిలో హనీక్రిస్ప్ ఉందా?

పలుగూపారా:
ఒకటి. మిగతావి రెండు హారల్‌సన్, ఒక స్వీట్ సిక్స్‌టీన్, ఒక కీప్‌సేక్, ఒక ఫ్రాస్ట్‌బైట్. ఈ ఫ్రాస్ట్‌బైట్ సంగతి ముందే చెప్పవలసింది. 2008 దాకా దానికి పేరే లేదు, ఎంఎన్ 447 అనేవారు. స్వీట్ సిక్స్‌టీన్‌కూ కీప్‌సేక్‌కూ అదే తల్లి. కీప్‌సేక్ ద్వారా హనీక్రిస్ప్‌కు అమ్మమ్మ వరస. కాయ చిన్నది, చూడటానికి బాగుండదు, కానీ కొరికితే చెరకు రసం, అందులో కొంచెం బెల్లం పాకం వాసన. తెలుగువాళ్ళకు ఎవరికి ఇచ్చినా ఒకే మాట అన్నారు, సంక్రాంతి గుర్తొచ్చిందని.

ఎడ్మంటన్ కోడలు:
అంత మంచి రకం చివరిదాకా దాచి, రెండు రోజులు పటం మీద కొట్టుకున్నారన్నమాట.

కొత్తపెరడు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి అమ్మకు ఫోనులో ఇదంతా చదివి వినిపించాను. "పప్పులో వేసుకునే చెర్రీ ఏదో చెప్పిందే ఆ కోడలు, అది పెట్టు, బింగ్ కొట్లో కొనుక్కుందాం" అంది. కాబట్టి ఒక జెస్టార్, ఒక ఫ్రాస్ట్‌బైట్, రెండూ బడ్ 9 మీద. పలుగూపారా గారు కోప్పడకండి, మేమూ వరుసలోనే ఉన్నాం. మూడోది చెట్టు కాకుండా జూలియట్ పొద. దక్షిణం గోడ పక్కన కాస్త చోటు మిగులుతోంది. అక్కడ ఒక స్టెల్లా పెట్టి చూడాలని ఉంది.

పలుగూపారా:
గోడ పక్కన వద్దు. పెట్టేదే అయితే ఇంటికి తూర్పున పెట్టండి, మొగ్గ కాస్త ఆలస్యంగా విచ్చుకుంటుంది. చచ్చాక నాకు చెప్పండి. బడ్ 9కి కర్ర మొదటి రోజే పాతండి, అంటు ముడి మట్టికి నాలుగు అంగుళాలు పైనే ఉండాలి.

ఎర్రకాయ:
బతికితే నాకు చెప్పండి.

నేలకోడి:
ఇంత రాశారు, కుందేళ్ళ సంగతి ఒక్కరూ చెప్పలేదు. మొదలు చుట్టూ ఇనుప జాలి కట్టండి. రెండు అడుగులు చాలదు. మంచు పేరుకున్నాక అవి దాని మీద నిలబడి పై బెరడు కొరుకుతాయి. జాలి మంచు పైకి ఇంకో రెండు అడుగులు ఉండాలి. మా హారల్‌సన్ పోయింది మైనస్ 33కి కాదు, వాటి పళ్ళకు.