మోనోలేయర్‌కి తెలుగులో ఏమందాం? తెట్టా, పొరా?

విజయనగరంలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. మొన్న ఒకమ్మాయి నోట్సులో మోనోలేయర్‌కి ‘ఏకాణు పొర’ అని రాసి, పక్కనే ‘ఒకే అణువు ఉన్న పొర’ అని అర్థం రాసుకుంది. తప్పు ఆ పిల్లది కాదు, మాటది. కోట్లాది అణువులు పక్కపక్కనే పరుచుకుని, మందం మాత్రం ఒక్క అణువంతే ఉండే పొర అది. ‘ఏకాణు’ అంటే ఆ సంగతి తెలియడం లేదు.

కార్తీకంలో అరటి దొప్పల్లో దీపాలు చెరువులో వదులుతాం కదా. దొప్ప ఒరిగి నూనె ఒలికితే చుట్టూ నీరు నున్నబడుతుంది. చిన్న చిన్న అలలు అక్కడిదాకా వచ్చి అణిగిపోతాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లోని క్లాపమ్ కామన్ చెరువులో చూసింది ఇదే. టీస్పూనుకి మించని నూనె అర ఎకరం దాకా పాకిందని 1774లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. టీస్పూను 5 మి.లీ., అర ఎకరం 2000 చదరపు మీటర్లు అనుకోండి. మందం 2.5 నానోమీటర్లు వస్తుంది, అంటే మిల్లీమీటరులో నాలుగు లక్షలో వంతు. నూనె అణువు పొడవు కూడా ఇంచుమించు అంతే! నీరంటే ఇష్టమున్న తల నీళ్లలో పెట్టి, నీరు గిట్టని తోక పైకెత్తి, ఆకుమడిలో నారులా ఒత్తుగా నిలబడతాయి ఆ అణువులు. దీనికి ఏ మాట బాగుంటుంది?

— ‘తెట్టు’ ఉంది కదండీ. మా శ్రీకాకుళం వైపు నీళ్ల మీద నూనె తేలితే తెట్టు కట్టిందనే అంటాం.

తెట్టు నాకూ ఇష్టమైన మాటే. కానీ పప్పు పొంగినప్పుడు గరిటెతో తీసి పారేసేది తెట్టు. ఇది గరిటెకి రాదు, కంటికి కనబడదు. పక్కనుంచి నెట్టినప్పుడు తేడా ఇంకా తెలుస్తుంది. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ ఇంటి పనులు చేసుకుంటూనే, రేకు తొట్టిలో నీటి పైభాగాన్ని ఒక పట్టీతో దగ్గరికి జరిపి తలతన్యత (నీటి పైభాగం బిగుతు) ఎలా మారుతుందో కొలిచింది. ఆవిడ ఉత్తరం 1891లో ‘నేచర్’లో వచ్చింది. అలా జరిపితే అణువులు ముందు ఒదిగి సర్దుకుంటాయి, ఇంకా నెడితే పొర మడత పడుతుంది. పైగా తెట్టు ద్రవం మీదే కడుతుంది. ఇది గాజు మీదా నిలుస్తుంది. గంధకం ఉన్న కొన్ని అణువులైతే బంగారం మీద తమంతట తామే ఇలా వరస కడతాయి.

— బంగారం అన్నారు కాబట్టి చెబుతున్నాను మాస్టారూ, ‘ఒంటిపేట’ గొలుసు లేదా? అలాగే ‘ఒంటిపొర’ అనండి.

ఎంత మంచి మాటండీ! ఒంటిపేట అంటే ఒకే పూస ఉన్న గొలుసని ఎవరూ అనుకోరు. లెక్కకీ బాగా ఒదుగుతుంది. అమెరికా శాస్త్రవేత్త క్యాథరీన్ బ్లాడ్జెట్ 1938లో ఒంటిపొర మీద ఒంటిపొర పేర్చి, 44 పొరలతో గాజుకి మెరుపు పోగొట్టింది. తెట్టు మీద తెట్టు అంటే అది కుదరదు. రేపటినుంచి క్లాసులో ఒంటిపొర అనే అంటాను.

ఇంకొక్కటి. కొన్ని చోట్లు ఖాళీగా ఉండిపోయిన ఒంటిపొరని ఏమనాలి? వెలితికుండ అన్నట్టు ‘వెలితిపొర’ అనొచ్చేమో, చెప్పండి.