30 లక్షల్లో కొత్త హైక్రాసా, ఆరేళ్ల జర్మన్ సెడానా?

ఈఎంఐ_యోధుడు (కరీంనగర్):
అన్నలకు, అక్కలకు నమస్తే. బడ్జెట్ 30 లక్షలు. ఒక దిక్కు కొత్త ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్. ఇంకో దిక్కు హైదరాబాద్‌ల ఒక డాక్టరు గారు నడిపిన ఆరేండ్ల జర్మన్ డీజిల్ సెడాన్, 65,000 కిలోమీటర్లు తిరిగింది, 28 అడుగుతున్నరు. కొత్తగ ఉన్నప్పుడు ఆన్‌రోడ్ 70 దాటిందట. వారానికోసారి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ పోయొస్త, మిగతా తిరుగుడంత ఊళ్లనే. డోర్ వేస్తే వచ్చిన ఆ ధప్ అనే సప్పుడు ఇంకా చెవులల్ల ఉంది. మెయింటెనెన్స్ నిజంగ అంత భయమా, కొనలేనోళ్లు చెప్పే కథలా?

హైవే_హరి:
ఇన్నోవా. థ్రెడ్ మూసేయండి.

బెంజిసర్కిల్_బాబు (విజయవాడ):
ఏ థ్రెడ్ చూసినా ఇదే జవాబు. పెళ్లికి ఏం కట్టుకోవాలని అడిగినా తెల్ల ఇన్నోవా అనేలా ఉన్నారు.

తమ్ముడూ, నేను కొన్నేళ్లుగా జర్మన్ సెడానే నడుపుతున్నాను, అదీ సెకండ్ హ్యాండ్‌దే. లెక్క చెప్తా వినండి. 70 లక్షల బండి 28కి వస్తోందంటే మిగతా 42 లక్షలు డాక్టరు గారు మీ తరఫున కట్టేసినట్టే. ఇన్సూరెన్స్ వాళ్ల పట్టికలోనే నాలుగేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే బీమాకి లెక్కగట్టే బండి విలువ, సగానికి కోసేస్తారు. పడాల్సిన దెబ్బ పడిపోయింది, మీ నెత్తిన కాదు. నాది హైవే మీద లీటరుకి 17 తగ్గదు. డీపీఎఫ్, అంటే డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టరు, మూసుకుపోతుందని భయపెడతారు. వారం వారం హైవే మీద నిలకడగా వెళ్లేవాడికి అందులో పేరుకున్న మసి దానంతటదే కాలిపోతుంది. నేను ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాను. ఇంతవరకు రిపేర్ల కింద నా జేబులోంచి ఒక్క రూపాయి పోలేదు. మళ్లీ చెప్తున్నా, ఒక్క రూపాయి.

పాతస్పానర్ (హైదరాబాద్):
బాబు గారూ, బండి ధర తగ్గింది. స్పేర్ పార్టు ధర తగ్గిందా? 28 పెట్టి కొన్నా, హెడ్‌లైటు పగిలిననాడు కొనేది 70 లక్షల బండి హెడ్‌లైటే.

నేను ఆథరైజ్డ్ సర్వీస్‌ల పనిచేసి బయటికొచ్చి బోయిన్‌పల్లి దిక్కు సొంత షెడ్డు పెట్టుకున్న. యూరప్ బండ్లే చేస్త. ఇవి చెడ్డ బండ్లని నేను అనను. ఇంజన్ అంత తొందరగ చావదు. ముందు పోయేది దాని చుట్టున్న ప్లాస్టిక్కు, రబ్బరు. కూలెంట్ పైపుల మూతులు, థర్మోస్టాట్ హౌసింగ్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్, ఇంజన్ మౌంట్లు. మన ఎండలకు ఆరేడేండ్లల్ల ఆ పైపు మూతి వేలితో ఒత్తితే అప్పడం లెక్క ఇరుగుతది. పార్టు చిన్నదే. దాని దాకా చెయ్యి పోవాలంటే సగం ఇంజన్ బే విప్పాలె.

ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి తిత్తులు, ఉంటే ఇంకో కథ. గాలి తిత్తికి సన్న చీలిక పడితే రాత్రికి రాత్రి గాలి పోయి బండి ఒక మూలకు కూలబడుతది. పొద్దుగాల స్టార్ట్ చేయంగనే కంప్రెసర్ గాలి కొట్టి లేపుతది. ఓనరు "లేస్తుంది కదా" అని అట్లనే నెలలు నడుపుతడు. కంప్రెసర్ కాలిపోతది. అప్పుడు రెండూ మార్చాలె. ఆఖరికి బ్యాటరీ మార్చినా, చాలా మోడళ్లల్ల స్కానర్ పెట్టి కొత్తది వేసినమని బండికి చెప్పాలె, లేకుంటే పాత బ్యాటరీ అనుకొనే ఛార్జ్ చేస్తది.

తమ్మీ, 65,000 అంటే గేర్‌బాక్స్ ఆయిల్ కూడ లెక్కల పెట్టుకో.

బెంజిసర్కిల్_బాబు:
గేర్‌బాక్స్ ఆయిలా? ఓనర్స్ మాన్యువల్‌లో ఎక్కడుందో చూపించండి. నా సర్వీస్ షెడ్యూల్‌లో ఆ లైనే లేదు. కారు తయారుచేసిన వాళ్ల కంటే బోయిన్‌పల్లి షెడ్డుకి ఎక్కువ తెలుసన్నమాట.

పాతస్పానర్:
కారు చేసినోడు గేర్‌బాక్స్ చేయలే సార్. బీఎండబ్ల్యూల, జాగ్వార్‌ల, ఆడి పెద్ద బండ్లల్ల ఉండే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ జెడ్‌ఎఫ్ అనే గేర్‌బాక్స్ కంపెనీ వాళ్లది. ఆ జెడ్‌ఎఫ్ వాళ్లే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేండ్లకు ఆయిల్ మార్చుమంటరు. కారు కంపెనీ ఎందుకు చెప్పదంటే, మొదటి ఓనరు చేతుల బండి ఉన్నన్ని రోజులు దానికేం కాదు. ఆయనకు మెయింటెనెన్స్ తక్కువని చూపిస్తే చాలు. మూడో ఓనరు గురించి షోరూమ్‌ల ఎవరు ఆలోచిస్తరు?

ఆ పని కూడ అందరితోని కాదు. ఫిల్టరు గేర్‌బాక్స్ కింద ఉండే ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌ల కలిసే ఉంటది, పాన్ మొత్తం మార్చాలె. ఇంజన్ నడుస్తుండంగ, ఆయిల్ చెప్పిన వేడికి వచ్చినంకనే లెవెల్ చూడాలె. గీ సంగతి తెల్వక సల్లగున్నప్పుడే లెవెల్ చూసి బోల్టు బిగించి పంపుతరు. తర్వాత గేరు గుంజుతుందని తిట్టేది జర్మనోళ్లను.

బెంజిసర్కిల్_బాబు:
మాన్యువల్‌లో పేజీ నంబరు అడిగాను. కథ అడగలేదు.

డాలస్_మామ:
ఇక్కడ మాకు ఈ గొడవే లేదు. 36 నెలల లీజు, తాళాలు వాళ్ల మొహాన పడేసి ఇంకోటి తెచ్చుకోవడమే. ఆ తర్వాత దాని బతుకేమైందో ఎవడికీ పట్టదు. కానీ యూరప్ కార్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కన్స్యూమర్ రిపోర్ట్స్ 2022 చివర్లో ఇచ్చిన రిలయబిలిటీ ర్యాంకుల్లో టొయోటా, లెక్సస్ తర్వాత మూడో స్థానం బీఎండబ్ల్యూదే. హోండా కూడా దాని కిందే.

కూకట్‌పల్లి_సుధ:
మామగారూ, ఆ ర్యాంకులు అమెరికాలో అమ్మే కొత్త మోడళ్లు ఎలా ఉంటాయన్న అంచనా. ఇక్కడ అడిగింది కరీంనగర్ ఎండలో తిరగబోయే ఆరేళ్ల డీజిల్ గురించి.

నేను మోటార్ క్లెయిమ్స్‌లో పనిచేస్తాను, గేర్‌బాక్స్ జోలికి రాను. కొనేముందు ఒకటి చూసుకోండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే రిపేరుకి పనికిరాని బండిగా, వెళ్తుంది. ఈ బండ్లలో వైరింగు, కంట్రోల్ యూనిట్లు కొన్ని కార్పెట్ కింద, సీట్ల కింద ఉంటాయి, సీటు దాకా నీళ్లొస్తే చాలు. ఆ సాల్వేజ్ బండ్లు కొని, ఆరబెట్టి, పాలిష్ చేసి అమ్మేవాళ్లున్నారు. సీటు బెల్టుని ఆగిపోయేదాకా బయటికి లాగండి. లోపల చుట్టుకుని ఉండే చివరి మూరలో బురద చార ఉందేమో చూడండి. దాన్ని ఎవరూ కడగరు. సీటు రైలు బోల్టుల తుప్పు కూడా.

జీరో డెప్, అంటే పార్టుల తరుగు కోయకుండా కట్టే అదనపు కవర్, లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి సగం మీరే కట్టాలి. బంపరంతా ప్లాస్టిక్కే. ఇంజన్ ప్రొటెక్ట్ కూడా విడిగా తీసుకోవాలి. నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజన్ పోతే మామూలు పాలసీ పలకదు.

లెక్కల_మాస్టారు:
28 ఎక్కువే. 2025 సెప్టెంబరు 22 దాకా కొత్త పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్ కలిపి 48, 50 శాతం దాకా ఉండేది, ఇప్పుడు 40. కొత్తది దిగితే పాతదీ దిగాలి. బేరం ఆడండి.

బురుజు_దగ్గర (కర్నూలు):
బాబు గారి ఒక్క రూపాయి లెక్క చదివినాక రాయకుండా ఉండలేకపోతున్నా. కంపెనీ పేరు చెప్పను, జర్మన్ బండి అనుకోండి. వారంటీలో ఉన్నిందే. దసరా ముందర డాష్‌బోర్డు మీద ఎర్రలైటు ఎలిగి డోన్ దగ్గర ఆగిపాయ. ఫ్లాట్‌బెడ్ ఎక్కించి హైదరాబాదు తోలినా, 200 కిలోమీటర్ల పైన. పార్టు దేశంలో లేదన్నారు, జర్మనీ నుంచి రావల్లంట. ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉంది సార్". దసరా పాయ, దీపావళి పాయ. మా నాయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున పోయేటప్పుడు బాగుంటాడు, వచ్చేటప్పుడు తల నిలబెట్టలేడు. ఆటోలో నా భుజం మీద వాలుకోని వచ్చేటోడు. ఇంటి ముందర కార్ కవర్ మాత్రం మడతపెట్టి ఉండె.

ఆఖరికి బండి వచ్చింది. బిల్లు ఎంతనుకుంటిరి? సున్నా.

బెంజిసర్కిల్_బాబు:
నాన్నగారి విషయం బాధాకరం అండీ. కానీ మీరే రాశారు బిల్లు సున్నా అని. నేను చెప్పిందీ అదేగా? దగ్గర్లో సర్వీస్ సెంటర్ లేని ఊళ్లో ఉండి ఆ బండి కొనడం మీ నిర్ణయం. దానికి కారుని అంటే ఎలా?

బురుజు_దగ్గర:
ఏం సామీ, కర్నూల్లో పుట్టినోళ్లం కొనకూడదా? అమ్మేటప్పుడు షోరూమోడు మా ఇంటికొచ్చి టీ తాగి, నాయన కాళ్లకు దండం పెట్టి మరీ అమ్మె. అప్పుడు యాడ పాయ నీ సర్వీస్ సెంటర్ దూరం? బెజవాడోళ్లకు నోరొక్కటే...

ఈఎంఐ_యోధుడు:
అన్నా, నేను కరీంనగర్ల ఉన్న. అదీ కొంచెం ఆలోచించున్రి.

నిర్వాహకులు:
ఊళ్ల మీద మాటలు వద్దు. ఒక పోస్టులో చివరి వాక్యాలు, ఇంకో పోస్టు మొత్తం తీసేశాం. ఇంకోసారి ఇలాగైతే థ్రెడ్ ఆపేస్తాం.

పాతస్పానర్:
బాబు గారూ, కోపం కాదు, ఒక్క ప్రశ్న. మీ జర్మన్ బండి సర్వీస్‌కు ఇచ్చిన దినం మీరు దేంట్ల తిరుగుతరు?

బెంజిసర్కిల్_బాబు:
ఇంట్లో ఇన్నోవా ఉంది. అయితే ఏంటట?

హైవే_హరి:
నేనేం మాట్లాడను.

బురుజు_దగ్గర:
అదీ సంగతి! ఇంతసేపూ అది చెప్పలేదేం? మీకు బిల్లు సున్నా అయితే ఖర్చు సున్నా. బండి నెల కాదు, రెండు నెలలు షెడ్డులో ఉన్నా ఇన్నోవా తాళం తీసుకోని పోతారు. నాకు ఉండేది ఒకటే బండి. రూపాయలు మీరు లెక్కేసినారు, ఇంటి ముందర బండి లేని పొద్దులు నేను లెక్కేసినా. ఆ పిల్లోడు అడిగింది నా మాదిరి కొనుగోలు. మీ మాదిరిది కాదు.

బెంజిసర్కిల్_బాబు:
ఉంది. పిల్లల స్కూలుకి, మా లారీ ఆఫీసు పనులకి అదే. దాచలేదు, ఎవరూ అడగలేదు.

అడిగారు కాబట్టి ఇంకోటి కూడా వినండి. తెల్లారుజామున గుంటూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది. లారీలు పక్కకి తగ్గి ఉంటాయి. 100 దగ్గర క్రూజ్‌లో పెడితే లోపల గడియారం ముల్లు చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. ఫ్లైఓవర్ జాయింట్ల మీద ఎగరదు, ఒక్కసారి కూర్చుని మళ్లీ సర్దుకుంటుంది. దానికోసం కొన్నాను. నాకు సిగరెట్ లేదు, పేకాట లేదు. కానీ మా ఆవిడకి, మా బావకి, ఇప్పుడు ఇక్కడ మీకు, అది చౌక అని రుజువు చేస్తే తప్ప ఊరుకోరు. ఊరవతల ప్లాటు కొని పిచ్చి మొక్కలు పెంచేవాణ్ణి మెయింటెనెన్స్ ఎంతని ఎవడూ అడగడు. బంగారం కొని లాకర్లో పెట్టేవాణ్ణి అడగరు. కారుని ఇష్టపడి కొన్నానంటే మాత్రం తేడాగా చూస్తారు. అందుకే ఐడీవీ, మైలేజీ, ఒక్క రూపాయి, ఇవన్నీ చెప్తాం. రేపూ చెప్తాను.

బురుజు_దగ్గర:
ఇష్టపడి కొన్నానంటే అడ్డమెందుకొస్తా? నేను మాత్రం ఇష్టం లేక కొన్నానా? అప్పు చేసి కొనేవానికి ఇష్టాన్ని లాభం లెక్కలో రాసి చూపియ్యొద్దంటున్నా, అంతే.

బెంజిసర్కిల్_బాబు:
ఆయన చిన్నపిల్లాడు కాదు. మీ కోపం ఆ సర్వీస్ సెంటర్ మీద. అది నామీద తీర్చుకుంటున్నారు.

బురుజు_దగ్గర:
వాళ్లు ఫోన్ ఎత్తరు. మీరు జవాబిస్తున్నారు కదా.

డాలస్_మామ:
లీజు తీసుకోవచ్చు కదా అక్కడ కూడా?

కూకట్‌పల్లి_సుధ:
మామగారూ, ఇప్పుడు కాదు.

ఈఎంఐ_యోధుడు:
అందరికీ థాంక్స్ అన్నా. నాది కూడ ఒకటే బండి, దాచేదేం లేదు. ఇయ్యాల పోయి సీటు బెల్టు లాగి చూసిన, సాఫ్‌గనే ఉంది. కానీ బయట మెకానిక్‌తోని లిఫ్ట్ మీద చూపిస్త అంటే అమ్మెటాయన ఒప్పుకోలే. డాక్టరు గారి బండి అన్నరు గాని మధ్యల ఉన్నది బ్రోకరే. వదిలేసిన. ఇప్పుడు బెంగళూరుది ఒకటి దొరికింది, పెట్రోలు, ఎయిర్ సస్పెన్షన్ లేదు, 24 లక్షలు. స్పానరన్నా, వచ్చి చూస్తే ఎంత తీసుకుంటవ్?

పాతస్పానర్:
ఇన్నోవా ముచ్చట ఎటుపోయింది తమ్మీ? సరే, ఫీజు తర్వాత. ముందుగాల ఛాసిస్ నంబరుతోని సర్వీస్ హిస్టరీ ప్రింటు తెప్పియ్యి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన్రా లేదా చూడు.

బెంజిసర్కిల్_బాబు:
పేజీ నంబరు ఇంకా రాలేదు.

కూకట్‌పల్లి_సుధ:
కేఏ నంబరు బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చి తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు కోసం అక్కడి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ విడిగా తిరగాలి. 24లో అది కలిపారా?

ఈఎంఐ_యోధుడు:
కలపలే అక్కా.