రక్తం ఎక్కించమని రాసేటప్పుడు కారణం గడిలో ఏం రాయించాలి?

ప్రశ్న: జనరల్ మెడిసిన్ వైద్యుడు

అందరికీ నమస్కారం. మా ఆసుపత్రి రక్తమార్పిడి కమిటీలో ఈమధ్యే చేరాను. గత మూడు నెలల్లో మా విభాగం నుంచి బ్లడ్ బ్యాంకుకు వెళ్ళిన అభ్యర్థన పత్రాలన్నీ చదివే పని నాకు అప్పగించారు. చాలా పత్రాల్లో కారణం గడిలో "రక్తహీనత" అన్న ఒక్క మాటే ఉంది. కొన్నింటిలో హిమోగ్లోబిన్ అంకె తప్ప మరేమీ లేదు. ఎన్ని యూనిట్లు అన్న చోట మాత్రం దాదాపు ప్రతి పత్రంలోనూ రెండు అనే ఉంది.

వాటిలో ఒక పత్రం నన్ను వదలడం లేదు. "హిమోగ్లోబిన్ 7.6, ప్యాక్డ్ సెల్స్ (రక్తం నుంచి వేరుచేసిన ఎర్రకణాలు) రెండు యూనిట్లు" అని మాత్రమే అందులో ఉంది. కేస్ షీట్ తెప్పించి చూశాను. ఆమెకు డెబ్భై ఏళ్ళు దాటాయి, బరువు నలభై కిలోలు. రక్తస్రావం లేదు, రక్తపోటు నిలకడగా ఉంది, బాత్రూముకు తనంతట తానే నడిచి వెళ్తోంది. రాత్రి మొదటి యూనిట్ అయిపోగానే, మధ్యలో ఎవరూ పరీక్షించకుండానే రెండోది తగిలించారు. అది సగానికి వచ్చేసరికి ఆయాసం మొదలై, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆమెను ఐసీయూకి మార్చాల్సి వచ్చింది. కోలుకుంది. ఐదో రోజున వచ్చిన ఫెర్రిటిన్ (ఒంట్లోని ఐరన్ నిల్వను చూపే పరీక్ష) ఫలితం చూస్తే, ఆమెకు ఉన్నది ఐరన్ లోపమని తేలింది. ఆ పత్రం మీద సంతకం నాది.

ఇప్పుడు కంప్యూటర్లో ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక జాబితా నుంచి కారణం ఎంచుకోవడాన్ని తప్పనిసరి చేద్దామని కమిటీ అంటోంది. ఆ జాబితాలో మొదట కనిపించిన దాన్ని నొక్కి ముందుకు వెళ్ళిపోతారేమోనని నా భయం. రాసిన కారణం నిజంగా వైద్యుడి ఆలోచనను చూపేలా చేయాలంటే ఏం అడగాలి, దాన్ని ఎవరు చదవాలి, ఎక్కడ ఆపాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: బ్లడ్ బ్యాంకు వైద్యురాలు

మీ సంతకాన్ని మీరే బయటపెట్టి అడిగినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఈ మార్పు అలాంటి వైద్యులు ముందుకు వస్తేనే మొదలవుతుంది.

రెండు యూనిట్ల అలవాటు వెనుక చాలా పాత చరిత్ర ఉంది. శస్త్రచికిత్సకు ముందు హిమోగ్లోబిన్ 10, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 30 ఉండాలన్న సూచన 1942లో వచ్చింది. దాన్ని ఎవరూ పెద్దగా పరీక్షించకుండానే అది దశాబ్దాల పాటు నియమంగా చెలామణి అయింది. 1999లో వెలువడిన ట్రిక్ అధ్యయనంలో ఐసీయూలోని 838 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే, మరో వర్గానికి 10 కంటే తగ్గగానే రక్తం ఎక్కించారు. ఎక్కువ రక్తం అందిన వర్గంలో మరణాలు తగ్గలేదు. 2013లో జీర్ణాశయ పైభాగపు రక్తస్రావం మీద వచ్చిన అధ్యయనంలోనైతే, 7 దాకా ఆగిన వర్గంలో ఆరు వారాలకు 95 శాతం మంది బతికి ఉండగా, 9కే ఎక్కించిన వర్గంలో 91 శాతం మంది బతికారు. 2023లో రక్తమార్పిడి రంగానికి చెందిన ఏఏబీబీ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, నిలకడగా ఉన్న పెద్దవారికి 7 వద్ద, గుండె శస్త్రచికిత్సలో 7.5 వద్ద, ఎముకల శస్త్రచికిత్సలో గానీ ముందునుంచే గుండె జబ్బు ఉన్నప్పుడు గానీ 8 వద్ద ఆలోచించమంటున్నాయి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. జాబితా ఉండవచ్చు గానీ, దాని పక్కన రెండు చిన్న ఖాళీలు ఉండాలని నా అభిప్రాయం. "ఈ రక్తంతో రోగిలో ఏది మెరుగుపడాలని మీరు ఆశిస్తున్నారు" అనేది మొదటిది, "రక్తహీనతకు మూలకారణం తెలుసా, దానికి వేరే చికిత్స మొదలైందా" అనేది రెండోది. రక్తహీనత అన్నది మనం చూసిన స్థితి మాత్రమే, రక్తం ఎక్కించడానికి అది కారణం కాదు. "కూర్చుంటే తల తిరుగుతోంది, నాడి 118, నిన్నటి నుంచి మలం నల్లగా వస్తోంది" అని రాసినప్పుడు అది కారణమవుతుంది. మీరు చెప్పిన రోగి విషయంలో ఆ రెండో ఖాళీ ఉండి ఉంటే, ఫెర్రిటిన్ ఐదో రోజు దాకా ఆగేది కాదు, ఐరన్ ఇంజెక్షన్‌తోనే పని జరిగి ఉండేదేమో.

యూనిట్ల సంఖ్య దగ్గర కంప్యూటర్ తనంతట తానే ఒకటి అని చూపించాలి. రెండో యూనిట్ కావాలంటే రోగిని మళ్ళీ చూసి మళ్ళీ ఆర్డర్ పెట్టాలి. సుమారుగా ఒక యూనిట్‌కు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 1 గ్రాము పెరుగుతుంది, నలభై కిలోల మనిషిలో ఇంకాస్త ఎక్కువే పెరుగుతుంది. చాలామందికి ఆ ఒక్కటే సరిపోతుంది.

రాసిన కారణాన్ని బ్లడ్ బ్యాంకులో ఒక వైద్యుడు రక్తం విడుదల కాకముందే చదవాలి. ఎవరూ చదవరని తెలిస్తే ఎవరూ శ్రద్ధగా రాయరు. అర్థం కాని చోట మేము ఫోన్ చేసి, "రోగి ఎలా ఉన్నారు డాక్టర్ గారూ, ఒక యూనిట్ పంపి ఆగమంటారా" అని అడుగుతాం. రక్తం ఇవ్వబోమని మొండికేయడం మా పద్ధతి కాదు. చాలా సందర్భాల్లో అవతలి వైద్యుడే ఆలోచించి ఒక యూనిట్ చాలంటారు.

సమాధానం: ఐసీయూ వైద్యుడు

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, ఒక హెచ్చరిక కలుపుతున్నాను. 7 అన్న అంకె పాత 10 లాగే మరో గుడ్డి నియమం కాకూడదు. జోరుగా రక్తస్రావం అవుతున్న రోగిలో మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ 11 కూడా చూపించవచ్చు, ఎందుకంటే ఎర్రకణాలూ, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా కలిసే పోతున్నాయి, అంకె తగ్గడానికి సమయం పడుతుంది. అలాంటి రోగికి ఆర్డర్ పెట్టబోతే "హిమోగ్లోబిన్ 7 కంటే ఎక్కువ ఉంది" అంటూ తెర మీద హెచ్చరిక వచ్చి దారి కట్టేస్తే, ఆ నిమిషాలు ప్రాణాంతకం కావచ్చు. భారీ రక్తస్రావానికి ప్రత్యేకమైన దారి ఉండాలి, అందులో ఏ ప్రశ్నా అడగకూడదు, కారణాలు మర్నాడు చూసుకోవచ్చు.

గుండెపోటు వచ్చినవారి సంగతి కూడా వేరు. 2023లో ప్రచురితమైన మింట్ అధ్యయనంలో గుండెపోటుతో పాటు రక్తహీనత కూడా ఉన్న 3,504 మందిని పరిశీలించారు. 7 లేదా 8 దాకా ఆగిన వర్గంలో 30 రోజుల్లో మరణం లేదా మళ్ళీ గుండెపోటు 16.9 శాతం మందికి ఎదురైంది, 10 వద్ద నిలిపిన వర్గంలో అది 14.5 శాతం. గణాంకపరంగా ఆ తేడా నిర్ధారణ కాలేదు గానీ, నా రోగికి ఛాతీనొప్పి ఉన్నప్పుడు దాన్ని తేలిగ్గా తీసుకోలేను. కాబట్టి అంకెతో సరిపెట్టకుండా, అంకెకు మించిన కారణాన్ని వైద్యుడు తన మాటల్లో రాసే చోటు తప్పక ఉంచండి.

మీ సమీక్షలో ప్లాస్మాను కూడా చేర్చమని నా విన్నపం. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చూపే పరీక్ష) 1.5 ఉందని, చిన్న ప్రక్రియకు ముందు ప్లాస్మా ఎక్కించమని ఇప్పటికీ రాస్తున్నారు. అంత స్వల్పంగా పెరిగిన ఐఎన్ఆర్‌ను ప్లాస్మా చెప్పుకోదగినంత తగ్గించదు, ద్రవభారం మాత్రం ఖాయంగా పెంచుతుంది.

సమాధానం: వార్డు స్టాఫ్ నర్సు

ఆర్డర్ పెట్టాక జరిగే దాని గురించి రాస్తాను. "ఒక యూనిట్, తర్వాత చూసి చెప్తాను" అని డాక్టరు గారు రాసినప్పుడు, ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి అన్నది కూడా అక్కడే ఉండాలి. లేకపోతే రాత్రి రెండు గంటలకు యూనిట్ పూర్తయినప్పుడు, డ్యూటీ డాక్టరు వేరే వార్డులో ఉంటే, మేము ఎవరిని అడగాలి?

మేము మొదటి పదిహేను నిమిషాలూ రోగి పక్కనే ఉండి ఉష్ణోగ్రత, నాడి, రక్తపోటు చూస్తాం, తర్వాత వ్యవధి పెరుగుతుంది. ద్రవం ఎక్కువైన లక్షణాలు ఆ పదిహేను నిమిషాల్లోనే రావాలని లేదు, గంటల తర్వాత కూడా రావచ్చు. అత్యవసరం కాని రక్తాన్ని పగటిపూట ఎక్కించమని ఆర్డర్‌లోనే రాస్తే చాలా మేలు. రోగి బరువు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు పత్రం మీద ఉంటే, యూనిట్‌ను ఎంత నెమ్మదిగా వదలాలో ముందే అడిగి తెలుసుకుంటాం. నెమ్మదిగా అన్నా, నాలుగు గంటల్లోపు అది పూర్తి కావాలి కదా.

ఇంకొకటి. వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నవారి నుంచి రోజూ పొద్దున్నే మేము నాలుగైదు ట్యూబుల రక్తం తీస్తున్నాం. వాటిలో ఎన్ని పరీక్షలు నిజంగా అవసరమో రౌండ్లలో ఒకసారి అడిగితే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. రెండు ఖాళీలు, ఒక యూనిట్, భారీ రక్తస్రావానికి వేరే దారి, రెండో యూనిట్‌కు ముందు రోగిని చూసే వైద్యుడి పేరు: ఈ నాలుగింటినీ మొదట మా ఒక్క వార్డులోనే పెట్టి చూద్దామని కమిటీకి రాశాను. నర్సు గారు అడిగిన ప్రశ్నకు మా దగ్గర ఇప్పటిదాకా జవాబు లేదన్నది నిజం, అందుకే ఆ పేరు గడిని తప్పనిసరి చేయమన్నాను. ఇది పనిచేస్తోందో లేదో దేనితో కొలవాలి?

సమాధానం: బ్లడ్ బ్యాంకు వైద్యురాలు

మొత్తం యూనిట్లు తగ్గాయా అన్నది ఒక్కటే చూడకండి, ఆ ఒక్క లెక్కే ముందుంటే అవసరమైన రోగికి కూడా రాయడానికి వైద్యులు జంకుతారు. ఒకే యూనిట్‌తో ఆగిన ఆర్డర్ల శాతం, ఎక్కించే ముందూ తర్వాతా హిమోగ్లోబిన్, ఆయాసం వచ్చిన సంఘటనలు చూడండి. వాటితో పాటు రక్తం ఆలస్యమై ఇబ్బంది పడిన రోగులను కూడా అదే పుస్తకంలో రాయండి. ఫలితాలను నెలకోసారి ప్రతి వైద్యుడికీ విడిగా, తన సొంత ఆర్డర్లు పక్కన పెట్టి చూపించండి. నలుగురిలో చదివితే తమను సమర్థించుకునే పనిలో పడిపోతారు. మొదటి నెల కాగితాలు నాకు పంపితే, రోగుల పేర్లు తీసేసి పంపండి, మీతో కూర్చుని చదువుతాను.