ఏడేళ్ళుగా రొయ్యల ప్లాంటులో పని, పర్యవేక్షణ అనుభవం లేదు: మొదటి సూపర్‌వైజర్ ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి?

పెన్నాగట్టు:

నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో కోవూరుకు దగ్గరగా ఉన్న ఒక పల్లె. రొయ్యలను శుభ్రం చేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే ఒక ప్లాంటులో ఏడేళ్ళుగా పనిచేస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు తల తీసే బల్ల దగ్గర, పొట్టు వలిచే బల్ల దగ్గర గడిచాయి. మూడేళ్ళుగా గ్రేడింగ్‌లో కౌంట్ చూస్తున్నాను, అంటే రొయ్యలను సైజుల వారీగా వేరు చేసి తూకానికి ఎన్ని వస్తాయో లెక్కపెడుతున్నాను. పని చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాను. పీలింగ్ (పొట్టు వలిచే) విభాగంలో పగటి షిఫ్టుకు సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయిందని, లోపల పనిచేసేవారు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని ఈమధ్య నోటీసు బోర్డులో పెట్టారు. నేనూ పెట్టాను. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది, ఇంకా పన్నెండు రోజుల గడువు ఉంది. ప్రొడక్షన్ మేనేజరు, క్వాలిటీ విభాగం అధికారి, హెచ్‌ఆర్ నుంచి ఒకరు కూర్చుంటారట.

నన్ను కలవరపెడుతున్న విషయాలు రెండు. దరఖాస్తులో ‘ఇంతకు ముందు ఎంతమందిని పర్యవేక్షించారు’ అనే గడి ఉంది. అబద్ధం రాయడం ఇష్టం లేక దాన్ని ఖాళీగా వదిలేశాను. దాని గురించి అడిగితే ఏమి చెప్పాలో తోచడం లేదు. రెండవది ఇంకా కష్టమైనది. ఆ విభాగంలోని నలభై మంది ఆడవాళ్ళలో పదకొండు మంది మా ఊరి బస్సులోనే వస్తారు. వారిలో ఒకరు మా సొంత పిన్ని, నాకు పొట్టు వలవడం నేర్పింది ఆమే. సంగతి తెలిసిన రోజు బస్సులో ఒక పెద్దావిడ “అమ్మణ్ణీ, రేపటి నుంచి మమ్మల్ని నువ్వు అదిలిస్తావా?” అని నవ్వుతూనే అడిగింది గానీ, ఆ నవ్వు వెనుక బెరుకు నాకు కనిపించింది. ఇదే ప్రశ్న ఇంటర్వ్యూలో వస్తే నిజాయితీగా ఎలా జవాబు చెప్పాలి? అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

సింగరాయకొండ వాసి:

అమ్మా, నేను కూడా ఇదే రంగంలో పద్నాలుగేళ్ళు పనిచేశాను, ఇంటర్వ్యూలు తీసుకునే బల్లకు అవతలి వైపు కూడా చాలాసార్లు కూర్చున్నాను. ముందు ఆ ఖాళీ గడి సంగతి చెబుతాను. మీకు పర్యవేక్షణ అనుభవం లేదని వారికి ముందే తెలుసు, తెలిసే పిలిచారు. కాబట్టి దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం వద్దు. “హోదాపరంగా నా కింద ఎవరూ లేరు, అయితే తప్పు పట్టుకొని, చెప్పి, సరిచేయించే పని మూడేళ్ళుగా చేస్తున్నాను” అని ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే జరిగిన సంఘటన ఒకటి చెప్పండి. సంఘటన ఏదీ చూపకుండా నాయకత్వ లక్షణాలు ఉన్నాయని చెప్పుకొన్నవారి గురించి, వారు గది దాటి వెళ్ళిన తర్వాత మాట్లాడుకోవడానికి మా దగ్గర ఏమీ మిగిలేది కాదు.

ఒక నోటుపుస్తకం తీసుకొని ఈ ఏడేళ్ళలో జరిగినవాటిని గుర్తుచేసుకుంటూ రాయండి. మీరు పట్టుకున్న తప్పు ఒకటి, మీరు పని నేర్పిన కొత్త మనిషి కథ ఒకటి, ఇద్దరి మధ్య మాట పట్టింపు వచ్చినప్పుడు మీరు చేసినది ఒకటి, మీరే పొరపాటు చేసి ఒప్పుకున్నది ఒకటి. చివరిది వదలవద్దు. తన తప్పు చెప్పగలిగిన మనిషే రేపు రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాస్తుంది అన్నది నా నమ్మకం.

రికార్డు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే క్వాలిటీవారు తప్పకుండా అక్కడికే వస్తారు. పీలింగ్ బల్ల మీద రొయ్య 4 డిగ్రీలు దాటకుండా ఐస్ అందుతున్నదా అని సమయం ప్రకారం చూసి, షీటులో రాసి, సంతకం చేయడం సూపర్‌వైజర్ పని. “మూడు గంటల రీడింగు తీయడం మరిచిపోయారు, నాలుగు గంటలకు గుర్తుకొచ్చింది, ఏమి చేస్తారు?” అని నేను చాలామందిని అడిగాను. రెండు గంటల అంకె, నాలుగు గంటల అంకె చూసి మధ్యలో ఒకటి వేస్తామని చెప్పినవారు ఉన్నారు. ఆ జవాబుతోనే ఇంటర్వ్యూ ముగిసిపోతుంది. మూడు గంటల గడిని ఖాళీగానే ఉంచి, తీయలేదని కారణంతో సహా రాసి, వెంటనే అప్పటి రీడింగు తీసి, బల్ల మీద ఉన్న సరుకు సంగతి క్వాలిటీవారికి తెలియజేయాలి. రాసిన అంకె తప్పయితే ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెట్టాలి. దిద్దుడు తెల్ల ఇంకు ఆ షీటుకు తగలకూడదు. ఆహార భద్రత పద్ధతి అయిన హాసప్‌లోని ఏడు సూత్రాలలో రికార్డులు ఉంచడం ఒకటని మీరు శిక్షణలో వినే ఉంటారు. అది కంఠస్థం చేసి అప్పజెప్పడం కంటే ఈ మూడు గంటల గడి సంగతి చెప్పడం మేలు.

ప్రొడక్షన్ మేనేజరు లెక్కలు అడుగుతారు. తలతో ఉన్న వెనామీ రకం రొయ్య నూరు కిలోలు వస్తే తల తీశాక సుమారు 65 కిలోలు మిగులుతుంది. మీ విభాగంలో పొట్టు, నరం (వీపున ఉండే నల్లటి పేగు) తీశాక ఎంత మిగులుతున్నదో ఈ పన్నెండు రోజులూ గమనించి రాసుకోండి. కౌంట్ గురించి మీకు నేను చెప్పనవసరం లేదు గానీ, కొత్తవారికి ఎలా వివరిస్తారో సాధన చేయండి: చెరువు గట్టున 40 కౌంట్ అంటే కిలోకు 40 రొయ్యలు, ఎగుమతి పెట్టె మీద 31/40 అంటే పౌండుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 31 నుంచి 40 రొయ్యలు. ఈ తేడా తెలియక తికమకపడే కొత్తవారు ప్రతి సీజనులోనూ ఉంటారు.

చీమకుర్తి పాలిష్:

నాది గ్రానైట్ పాలిషింగ్ పని, అయినా మీ రెండవ ప్రశ్న నాకు స్వయంగా ఎదురైనదే కాబట్టి రాస్తున్నాను. మొదటిసారి ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు, “మీ స్నేహితుడు అంచులు కోసే మెషిన్‌కు గార్డు తీసేసి నడుపుతుంటే ఏమి చేస్తారు?” అని అడిగారు. నచ్చజెబుతానన్నాను. వినకపోతే అన్నారు. మళ్ళీ చెబుతానన్నాను. అందరూ నా అన్నదమ్ముల వంటివారు, నా మాట కాదనరు అని కూడా అన్నాను. ఆ తర్వాత వారు ఇంకేమీ అడగలేదు. ఉద్యోగం రాలేదు. చాలా రోజులు బాధపడ్డాను, తర్వాత వారి ప్రశ్న న్యాయమైనదేనని అర్థమయింది. మరుసటి ఏడాది మళ్ళీ అదే తరహా ప్రశ్న వచ్చినప్పుడు, ముందు మెషిన్ ఆపుతాను, గార్డు బిగించిన తర్వాతే మాట్లాడతాను, రెండవసారి జరిగితే రాతపూర్వకంగా పైకి పంపుతాను, పంపుతున్నానని అతనికి ముందే చెబుతాను అని చెప్పాను. బంధుత్వం గురించి అడిగితే లేదని చెప్పకండి, ఉన్నదని చెప్పి, ఉన్నా మీరు ఏమి చేస్తారో చెప్పండి.

పెన్నాగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సంఘటన రాశాను, సరిదిద్దగలరు. “గత సీజనులో ఒకరోజు 31/40 ట్రేలో రొయ్య చిన్నదిగా కనిపించింది. పౌండు తూచి లెక్కపెడితే 43 వచ్చాయి. కొత్తగా చేరిన అమ్మాయి రెండు సైజులను కలుపుతున్నదని తెలిసింది. మేము ఆమెకు చెప్పాము, సమస్య సరిచేశాము.”

సింగరాయకొండ వాసి:

సంఘటన చాలా మంచిది, అయితే మీరు అందులో మీరే కనిపించకుండా పోయారు. మన మాటల్లో ‘మేము’ అనడం వినయమే, కానీ ఇంటర్వ్యూలో ఎవరు తూచారు, ఎవరు పని ఆపారు అన్నది వారికి తెలియాలి. మీరు చేసినదానికి ‘నేను’ అనండి, ఇతరులు చేసినదానికి వారి పేరు చెప్పండి. ‘చెప్పాము’ అన్నచోట ఏమని చెప్పారో ఆ మాటలే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు పట్టుకునే లోపే ముందుకు వెళ్ళిపోయిన ట్రేలు ఏమయ్యాయి? క్వాలిటీ అధికారి మొదట అడిగేది అదే.

ఇంకొక మాట. “నేను చూసుకుంటాను సార్”, “సర్దుకుంటాము సార్” అనే రెండు మాటలూ ఆ గదిలోకి తీసుకువెళ్ళకండి. మంచి మనసుతోనే అంటాము గానీ, వాటిలో ఎవరు ఏమి చేస్తారన్నది ఉండదు.

ఒంగోలు హెచ్‌ఆర్:

హెచ్‌ఆర్ వైపు నుంచి కొన్ని విషయాలు. ఆడవారు ఎక్కువగా ఉన్న విభాగం కాబట్టి, లైంగిక వేధింపుల గురించి ఒక కార్మికురాలు మీకు చెబితే ఏమి చేస్తారని అడిగే అవకాశం ఎక్కువ. పిలిపించి రాజీ చేస్తానని చెప్పవద్దు. 2013 నాటి చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఆ కమిటీకి చేరాలి, సాధారణంగా సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. రాయడానికి సాయం చేయడం, విషయం బయటకు పొక్కకుండా చూడడం వరకే మీ పాత్ర. మీ ప్లాంటులో కమిటీ సభ్యుల పేర్లు ఎక్కడ అంటించారో ముందే చూసి వెళ్ళండి.

పొట్టు వలిచేవారికి చాలా చోట్ల కిలోల లెక్కన కూలి ఇస్తారు కాబట్టి వేగానికీ నాణ్యతకూ మధ్య పేచీ రోజూ ఉంటుంది. నరం మిగిలిన టబ్బును వెనక్కి పంపితే ఆమెకు ఆ గంట కూలి తగ్గుతుంది. ఇది తెలిసిన మనిషి మీరు, బయటి నుంచి వచ్చే అభ్యర్థికి ఇది అంత సులువుగా తెలియదు. అలాగే 2025లో మన రొయ్యల మీద అమెరికా సుంకాలు పెరిగినప్పుడు చాలా చోట్ల పని రోజులు తగ్గాయి. “సగం మందికే పని ఉంటే ఎవరిని పిలుస్తారు?” అని నేనయితే తప్పక అడుగుతాను. వరుస ప్రకారం పేర్లు రాసి, అందరికీ కనిపించేలా గోడకు పెడతానని, ఆ జాబితాలో మా పిన్ని పేరు కూడా తన వంతు వచ్చినప్పుడే ఉంటుందని మీరు చెప్పగలిగితే బంధుత్వం ప్రశ్నకూ అక్కడే జవాబు దొరుకుతుంది. చివర్లో ఏమైనా అడుగుతారా అంటే, మొదటి నెల ఎవరి దగ్గర పని నేర్చుకోవాలి, ఏ నిర్ణయాలు నేనే తీసుకోవచ్చు, ఏవి పైవారిని అడగాలి అని అడగండి.

పెన్నాగట్టు:

ట్రేల సంగతి గుర్తుచేసుకున్నాను. ఆరోజు గడ్డకట్టించే వైపు అప్పటికే రెండు టబ్బులు వెళ్ళాయి. నేనే పరుగున వెళ్ళి ఆపించి, వెనక్కి తెప్పించి, మళ్ళీ గ్రేడింగ్ చేయించాను. ఆ అమ్మాయి పక్కన కూర్చొని అరగంట సేపు రెండు సైజులనూ చేతిలో పెట్టి చూపించాను. తిట్టలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు మా బల్ల మీద అందరికంటే బాగా సైజు చెబుతుంది. ఇది ఇంత విలువైన విషయమని నాకు ఇంతవరకు తట్టలేదు.

నిన్న రాత్రి మా పిన్నితో మాట్లాడాను. “నీ టబ్బులో నరం కనిపిస్తే వెనక్కి పంపవలసి వస్తుంది పిన్నీ” అని చెప్పాను. కాసేపు ఊరుకొని, “పంపు. కానీ బల్ల మీద అందరి ముందూ కాదు, పక్కకు పిలిచి చూపించు. మాకెవరికైనా అంతే” అన్నది. బంధువుల ప్రశ్న వస్తే ఆమె మాటనే చెబుతాను, నలభై మందికీ అలాగే చేస్తానని చెబుతాను. కమిటీ పేర్ల కాగితం భోజనాల గది తలుపు పక్కన ఉన్నది, ఈరోజే చదివాను.